అవ్వ పక్కకు జరిపిన కంచం

మా ఇంట్లో శవాన్ని పడుకోబెట్టింది ఒక ఏప్రిల్ మధ్యాహ్నం. నిజం శవం కాదు, మా దుకాణం నుంచి తెచ్చిన గోనెసంచుల చుట్ట. నాయన దాన్ని హాల్లో చాప మీద పొడుగ్గా పరిచి, సుత్లీ తాడుతో అక్కడక్కడా బిగించి, చేతికందిన దుప్పటి కప్పి, తలవైపు నిలబడ్డాడు. ఎడమచేతిలో కన్నడ ఆరాధన పుస్తకం, కుడిచేతి గుప్పిట్లో జొన్నలు. సమాధి దగ్గర పాస్టరు ఏ మాట దగ్గర ఆగాలి, మట్టి ఎప్పుడు వేయాలి, గొంతు ఎంతవరకు పెంచాలి అన్నది అలవాటు చేసుకుంటున్నాడు. మట్టి తెస్తే ఇల్లంతా అవుతుందని అమ్మ జొన్నలిచ్చింది.

నాకు చచ్చినవాళ్ళ కూతురి వేషం ఇచ్చారు. పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను కాబట్టి ఎవరికి ఏ పని కావాలన్నా నేనే దొరికేదాన్ని. ఏడవాల్సిన చోట నవ్వుతున్నానని నాయన నన్ను కసురుకున్నాడు. ఆయనకు అది ఆట కాదు. పాస్టరు చదువు రెండో సంవత్సరంలో ఉన్నాడు. పెళ్లి, బాప్తిస్మం, సమాధి కార్యక్రమం, అన్నీ గురువుల ముందు చేసి చూపించాలి. సమాధి దగ్గర ఆయన చెయ్యి వణికిందట, మాట తడబడిందట. ఇంటికి పోయి సాధన చేసి రమ్మని పంపేశారు.

రెండోసారి చదువుతుండగా లోపలి గదిలోంచి అవ్వ వచ్చింది. నాయనకు తల్లి. మధ్యాహ్నం కునుకు తీసి మంచినీళ్ళ కోసం లేచినట్టుంది. గడప మీదే ఆగిపోయింది. నాయన వీపు అటు ఉంది కాబట్టి ఆయనకు తెలియదు. జొన్నలు ఒక గుప్పెడు దుప్పటి మీద రాలాయి. అవ్వ ఆ జొన్నల వైపు, ఆ పొడుగాటి ఆకారం వైపు చూసి, ఎవరి మీదా అరవకుండా అడిగింది.

"అది నా దుప్పటి కదరా?"

నిజమే, అవ్వదే. ఎండకు కప్పుకోలేక దండెం మీద వేసింది. నాయన చూసుకోలేదు. ముఖం ఎర్రబడి, ఇప్పుడే తీసేస్తనే అమ్మా, పరీక్ష ఉన్నది అని ఏదో నసిగాడు. అవ్వ నీళ్ళు తాగకుండానే వెనక్కి వెళ్ళిపోయింది. మా ఇంట్లో భయం అనేది ఆ రోజే అడుగుపెట్టిందని నా లెక్క. అమ్మ మాత్రం ముసలామెకు నిద్రమత్తు అని కొట్టిపారేసింది.

అవ్వకు క్రైస్తవమంటే పడదని కాదు. రాయచూరు ధాన్యం బజారు గంజ్‌లో గోనెసంచులు అమ్మే బార్దాన్ దుకాణం మాది. చనిపోయిన మా తాత పెట్టింది. నాయన కుర్రతనంలో ఒక చర్చి హాస్టలుకు సంచులు వేసి వచ్చేవాడు. సాయంత్రం పాటలు వింటూ అక్కడే ఆగిపోవడం, తర్వాత ఆదివారాలు వెళ్ళడం, నేను మూడో తరగతిలో ఉండగా అమ్మతో కలిసి బాప్తిస్మం తీసుకోవడం అన్నీ అవ్వ కళ్ళ ముందే జరిగాయి. బజారులో మా కులపోళ్ళు మూతులు తిప్పితే, నా కొడుకు తాగి మోరీల దొర్లుతలేడు, గుడి మారిండు, అంతే కదా అని వాళ్ళ నోరు మూయించింది. ఆమె గదిలో ఆమె దేవుళ్ళు, ఊదుబత్తీలు. హాల్లో మా ప్రార్థన. క్రిస్మస్ కేకు అందరికంటే పెద్ద ముక్క ఆమెకే కావాలి. అట్లా ఏళ్ళు గడిచిపోయాయి, ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా.

నలభై దాటాక నాయనకు పాస్టరు కావాలని బుద్ధి పుట్టింది. మూడేళ్ళ చదువు, వేరే ఊళ్ళో. సెలవులకూ కొన్ని శనివారాలకూ ఇంటికి వచ్చేవాడు. దుకాణం అమ్మ మీద పడింది. అప్పటిదాకా గంజ్ ముఖం ఎరగని మనిషి, సంచిని వెలుతురుకు ఎత్తిపట్టి ఎక్కడ చిల్లి ఉందో చెప్పడం నేర్చుకుంది. హమాలీలతో ఉర్దూలో గొడవపడడం కూడా నేర్చుకుంది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆమె జుట్టునిండా జనపనార పొట్టు. తుమ్ములు ఆగేవి కావు. వంట నాది. రొట్టెలు కొట్టడం నాకు అప్పటిదాకా రాదు, నేర్చుకుంది కూడా కోపంతోనే. ఎదురింటి నా ఈడు పిల్లలు కంప్యూటర్ క్లాసులకు పోతుంటే నేను జొన్నపిండి ముందు కూర్చున్నానన్న కసి రోజూ పొయ్యి మీద చూపించేదాన్ని.

నాయన ఇంటికి వచ్చినప్పుడు మాత్రం సందడే. ప్రసంగం తెలుగులో ఆలోచించి కన్నడలో రాసుకుని, భోజనాల బల్ల దగ్గర నిలబడి మాకు చెప్పేవాడు. అమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటూ వింటూ నిద్రపోయేది. అవ్వ తన గదిలోంచే, అంత పొడుగు చెప్తే ఎవ్వరింటరురా, రెండు మాటలు తక్కువ చెయ్యి అనేది. ఆయన నిజంగానే తక్కువ చేసేవాడు. ఆయన మొదటి శ్రోత, విమర్శకురాలు అన్నీ అవ్వే అని మేం ఎగతాళి చేసేవాళ్ళం.

దుప్పటి సంగతి తర్వాత ఆ మాటలు ఆగిపోయాయి. నాయన బల్ల దగ్గర నిలబడితే అవ్వ గది తలుపు దగ్గరికి వేసుకునేది. ఒకరోజు నేను బట్టలు ఉతకడానికి పెరట్లోకి వెళ్తే, ఒక బండివాడు తుమ్మకట్టెలు దింపుతున్నాడు. గోడవారగా, నా భుజం ఎత్తుకు పేర్చాడు. మా ఇంట్లో గ్యాసు వచ్చి ఎన్నో ఏళ్ళయింది. ఎందుకు ఇవి అని అమ్మ అడిగితే, నాకే అంది అవ్వ. ఇంకో మాట లేదు.

అప్పటినుంచి పెరట్లోకి వెళ్ళడమంటే నాకు ఒళ్ళు జలదరించేది. ఉతుకుడు బండ సరిగ్గా ఆ కట్టెలకు ఎదురుగా ఉంటుంది. చెదలు పట్టకుండా అవ్వ వారం వారం ఏదో పొడి చల్లేది. వాన మబ్బు కనిపిస్తే ప్లాస్టిక్ పట్టా కప్పమని నన్నే పంపేది. పక్కింటివాళ్ళు గోడ మీదుగా చూసి, ఏమన్నా శుభకార్యమా అని అడిగారు. నేను అవునన్నట్టు తలూపాను. ఇంకేం చెప్పను?

ఆమె భయం ఏమిటో ఇక దాచకుండా ఆమే మాకు చెప్పింది. ఒక్కడే కొడుకు. వాడు తలకొరివి పెట్టాలి. తనను కాల్చాలి. మట్టిలో పెట్టి మీద గింజలు చల్లడం తనకు వద్దు. నాయన ఆమె మంచం దగ్గర కూర్చుని, నీ ఇష్టం ఎట్లుంటే అట్లనే అయితది అన్నాడు. కానీ ఆ మాట అంటూ ఆయన నేల చూశాడు. అవ్వ ఆ చూపు పట్టేసింది. నేనూ పట్టాను.

ఆ సందేహం తీరుద్దామనే నాయన పెద్ద పాస్టరును ఇంటికి పిలిచాడు. ఆయన కిందే నాయన చదువు చివరి ఏడాది పని నేర్చుకోవాలి. మంచి మనిషి, నెమ్మదస్తుడు. అందరం అయ్యగారు అనేవాళ్ళం. అవ్వ గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఆమె దేవుళ్ళ పటాల కింద కూర్చుని చాయ్ తాగాడు. పాస్టరు బతుకు గురించి, జీతం గురించి, ఊళ్ళ గురించి ఆమె అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పాడు. చివరికి అవ్వ అసలు మాట అడిగేసింది. నా కొడుకు నాకు కొరివి పెట్టొచ్చునా, పెట్టగూడదా?

అయ్యగారు గ్లాసు కింద పెట్టాడు. పాస్టరుగా అభిషేకం కాకముందు మీ అబ్బాయి మీ ఇంటి మనిషి, అతను చేసేది అతనికీ దేవుడికీ మధ్య సంగతి, నేను అడ్డం రాను అన్నాడు. అభిషేకం అయి పాస్టరు అంగీ వేసుకున్నాక మాత్రం సంఘం ఒప్పుకోదమ్మా అన్నాడు. ఆమెకు ధైర్యం చెబుదామనే అన్నాడు, అది నాకు తెలుసు. అయినా ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. ముసలామె చేతిలో ఏం పెట్టి వెళ్తున్నాడో ఆయనకు తెలియలేదు. అవ్వ మాత్రం ఆయనను గేటు దాకా సాగనంపింది, ఎప్పుడూ లేనిది.

మూడో ఏడాది నాయనను అరకేర వైపు పంపారు. శనివారం బస్సెక్కి సోమవారం వచ్చేవాడు. అక్కడ రేకుల షెడ్డులో ఆరాధన, పొలం పనులు చేసుకునే మనుషులు, చంటిపిల్లల ఏడుపులు. దుమ్ము కొట్టుకుని, నల్లబడి, పెదాలు పగిలి వచ్చేవాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. దుకాణంలో సంచులు లెక్కపెట్టే నాయన ఎప్పుడూ సగం ఎక్కడో ఉన్నట్టు ఉండేవాడు. అరకేర నుంచి వచ్చిన నాయన మొత్తంగా వచ్చేవాడు. ఎవరింట్లో ఎవరికి జ్వరం తగ్గిందో, ఏ ముసలాయన పాట తప్పు పాడాడో చెబుతూ అన్నం తినడం మరిచిపోయేవాడు. దీనికోసమైతే నేను ఎన్ని రొట్టెలైనా కొడతాను అనుకున్నాను.

చదువు పూర్తయింది. వానలు వెళ్ళాక అభిషేకం అని కబురు వచ్చింది. నాయన తెల్ల అంగీ కోసం టైలరుకు కొలతలిచ్చి, మైసూర్‌పాక్ పట్టుకుని ఇంటికి వచ్చాడు. అవ్వకే ముందు ఇచ్చాడు. ఆమె అది పక్కన పెట్టింది. నేను అన్నం తెచ్చి ముందు పెడితే, కంచాన్ని రెండు వేళ్ళతో పక్కకు జరిపింది.

"నువ్వు అయ్యగారివి కాకముందే నేను పోవాలె," అంది.

అలిగిందనుకున్నాం. మా అవ్వ అలకలు మాకు కొత్త కాదు. కూర నచ్చకపోతే అలగడం, టీవీ రిమోట్ ఇవ్వకపోతే అలగడం ఉన్నదే. నాయన ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాడు. నోరు తెరవలేదు. మరుసటి రోజు, ఆ మరుసటి రోజు అంతే. నీళ్ళు, ఒకటి రెండు గుక్కల మజ్జిగ. కోపం లేదు, ఏడుపు లేదు, ఒకరిని ఒక మాట అనడం లేదు. పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునేది, బస్సు కోసం కూర్చున్నట్టు. తిట్టినా బాగుండేది.

చేతి కడియాలు మోచేతి దాకా జారడం మొదలయ్యాక డాక్టరును తెచ్చాం. రోగమేమీ లేదు, తినడం లేదు, అంతే అన్నాడు ఆయన. సెలైన్ ఎక్కించడానికి నరం దొరకలేదు. నర్సు ఆ చేతిని అటూ ఇటూ తిప్పుతుంటే నాయన బయటికి వెళ్ళి గోడకు తల ఆనించి నిలబడ్డాడు. వారం తిరక్కుండా అయ్యగారి దగ్గరికి వెళ్ళి, ఇంట్లో తల్లికి బాగాలేదు, ఈ ఏటికి ఆపండి అని అడిగి వచ్చాడు. ఆ సాయంత్రం అవ్వ గంజి తాగింది. రెండు రోజుల్లో రొట్టె అడిగింది.

ఆ తర్వాతి ఏడాది మా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు. నాయన పొద్దంతా అమ్మతో పాటు దుకాణంలో, ఆదివారం అరకేరలో. ఇంకా అయ్యగారు కాలేదు కాబట్టి అక్కడ ఆయన బాప్తిస్మం ఇవ్వకూడదు, ప్రభు భోజనపు రొట్టె విరవకూడదు. వాళ్ళు అయ్యగారూ అని పిలిస్తే, అనకండి అని వారించి వచ్చేవాడు. అవ్వ దగ్గితే చాలు, ఇంట్లో అందరం చేస్తున్న పని ఆపేసేవాళ్ళం. ఆపి ఏం వింటున్నామో, ఏం కోరుకుంటున్నామో ఒకరినొకరు అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందోనని భయం.

మళ్ళీ వానలు వెళ్ళాయి. మళ్ళీ తేదీ వచ్చింది. ఈసారి నాయన మైసూర్‌పాక్ తేలేదు, ఇంట్లో చెప్పను కూడా లేదు. అవ్వకు ఎట్లా తెలిసిందో తెలిసింది. కంచం మళ్ళీ పక్కకు జరిగింది.

ఈసారి ఆమె తొందరగా చిక్కిపోయింది. ముఖంలో ఎముకలు బయటికి వచ్చాయి. మాట గాలిలా అయింది. ఒక సాయంత్రం నేను ముట్టని కంచం పట్టుకుని వంటింట్లోకి వచ్చి, ఇట్లయితే వారం కూడా ఉండదే అమ్మా అని ఏడ్చాను. అమ్మ అప్పుడే దుకాణం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంది. జుట్టులో పొట్టు అట్లాగే ఉంది. నాలుగేళ్ళుగా ఆ సంచుల మధ్య తుమ్ముతూ నాయన అభిషేకం రోజు కోసం ఎదురుచూసిన మనిషి. నా చేతిలో కంచం తీసుకుని, అన్నం తిరిగి గిన్నెలో వేస్తూ మెల్లగా అంది.

"పోనియ్యి. ఆమె కోరుకున్నదే కద. కట్టెలు గూడ తయారున్నయి."

నేను తలెత్తేసరికి నాయన వంటింటి గుమ్మంలో ఉన్నాడు. అవ్వకు నీళ్ళ కోసం వచ్చాడు, చేతిలో ఖాళీ చెంబు. అమ్మ ఆయనను చూసింది. మాట వెనక్కి తీసుకోలేదు, కళ్ళు దించుకోలేదు. ఆమె అంత క్రూరురాలు కాదు. అవ్వకు మోకాళ్ళ నొప్పులొస్తే రోజూ నూనె రాసింది ఆమే. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఆ ఇంట్లో ఇంకొన్నాళ్ళు అట్లాగే గడిస్తే ఆ మాట నా నోట్లోంచి కూడా వచ్చేది. నాయన చెంబు గట్టు మీద పెట్టి, మా ఇద్దరి మధ్య నేల మీద చతికిలబడి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. పన్నెండు దాటాక వచ్చాడు. తిన్నగా అవ్వ గదిలోకి వెళ్ళి మంచం పట్టె మీద కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరే ఉన్నాను.

"అభిషేకం వద్దని రాసిచ్చి వచ్చిన అమ్మా. ఇంగ ఈ ఏడు లేదు, వచ్చే ఏడు లేదు. నీకు కొరివి నేనే పెడత."

అవ్వ ఆయన ముఖంలోకి చూసింది. ఈసారి ఆయన నేల చూడలేదు. ఆమెకు నమ్మకం కుదిరింది. రొట్టె పప్పులో నానేసి తెమ్మని నాకు చెప్పింది. తెచ్చాను. నాయన కంచం పట్టుకుంటే ఆమె తింది. గబగబా, గొంతు దిగిందో లేదో చూసుకోకుండా తింది. ఇంకొకటి తెమ్మంది. నాయన ఆమె మూతి తుడుస్తూ నవ్వుతున్నాడు. ఆ నవ్వు చూసి నేను వంటింట్లోకి వచ్చి, గట్టు మీద చేతులు ఆనించి, అవ్వను ఎన్ని తిట్లు తిట్టానో.

తెల్ల అంగీ టైలరు దగ్గరే ఉండిపోయింది. అరకేరకు ఇంకొకాయన వచ్చాడు, చిన్నవాడు. నాయన మళ్ళీ సంచుల్లో పడ్డాడు.

అవ్వ తేరుకుంది. కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం వరండాలో ఆమె తల దువ్వుతున్నాను. ఎన్నాళ్ళని దిగమింగను? అడిగేశాను. నీకు నిప్పు పెట్టనీకి ఆయన తన బతుకంత తీసి పక్కన పెట్టిండు, ఇప్పుడు నీ మనసు చల్లబడ్డదా అవ్వా?

ఆమె కోప్పడుతుందనుకున్నాను. ఒళ్ళో రాలిన వెంట్రుకలు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"కట్టెలు దింపిచ్చిన్నాడు మన్నంటే భయముండె. అటెన్క నిప్పైతేంది, మన్నైతేంది బిడ్డా. సచ్చినంక నాకేమెరుక," అంది. "అంగీ వేసుకుంటే ఏడికి పంపితే ఆడికి వోవాలెనంట. మూడేండ్లకొక ఊరంట. అయ్యగారే చెప్పిండు. మీ అమ్మ, నువ్వు ఎనక పోతరు. నేను ఈ ఇల్లు ఇడిసి యాడికి వస్త? ఒక్కదాన్నే ఉండి సావాల్నా?"

మరి ఆ మాటే నాయనతో చెప్పొచ్చు కదా అన్నాను. కొరివి, కొరివి అని అంత దూరం ఎందుకు తెచ్చావు అన్నాను.

"ఒంటిగ ఉండనీకి భయమైతున్నది అంటే నవ్వుతుండె, ఫోన్ల మాట్లాడుకుందమంటుండె," అంది. "ధర్మం అంటే ఇంటడు మీ నాయిన. మంచోడు."

జడ అల్లి, చివర ముడివేసి, లేచి వచ్చేశాను. భయపడ్డ ముసలిది, అంతకంటే ఏమీ కాదు. కానీ ఆ భయానికి అంత పెద్ద ధర చెల్లించినవాడికి అది ఎప్పటికీ తెలియకూడదు.

నాయన తన మనసుకు తాను ఒక సమాధానం చెప్పుకున్నాడు. నా విశ్వాసం నాకెంత గొప్పదో మా అమ్మది మా అమ్మకు అంతే, దాన్ని గౌరవించడానికే ఆగాను, దేవుడు అర్థం చేసుకుంటాడు అంటాడు. అమ్మతో అంటాడు, నాతో అంటాడు, దుకాణంలో హమాలీలతో కూడా అంటాడు. అన్నప్పుడల్లా ఆయన వీపు కొంచెం నిటారుగా అవుతుంది. అవ్వ చెప్పిన మాట నాకు నోటిదాకా వస్తుంది. మింగేస్తాను.

అవ్వ ఇంకా ఉంది. పూటకు రెండు రొట్టెలు తింటుంది. ఆదివారాలు నాయన చర్చిలో వెనక బెంచీ మీద కూర్చుంటాడు. ప్రసంగం మొదలయ్యాక ఆయన పెదాలు వాటంతట అవే కదులుతుంటాయి. ఆరాధన అయ్యాక మనుషులు మాట్లాడుకుంటూ నిలబడితే ఆయన ఆగడు. ఇంట్లో అవ్వ ఒక్కతే ఉందని తొందరగా వచ్చేస్తాడు.